తలా ఒక కాపీ

"నాలుగింటికి ఆ పిల్లని మాట్లాడనిస్తానన్నాడు డాక్టరు. ఇప్పుడు మూడూ ఐదయింది. మీకూ నాకూ ఉన్నవి ఈ యాభై అయిదు నిమిషాలేనమ్మా. అడిగినదానికి సూటిగా చెప్పండి," అన్నాడు గడియారం.

ఆయన అసలు పేరు ఆయన భార్యకి తప్ప ఇంకెవరికీ గుర్తుండదు. ఇరవై ఎనిమిదేళ్ళ డిటెక్టివ్ వృత్తిలో ఏ కేసుకి వెళ్ళినా గంటలూ నిమిషాలూ బాల్‌పెన్నుతో ఎడమ అరచేతి మీద రాసుకోవడం ఆయన అలవాటు. అరచెయ్యి నిండితే మోచేతి దాకా పాకుతాడు. చొక్కా చేతులకి సిరా మరకలు వదలక భార్య రోజూ తిట్టిపోస్తుంది. అయినా మానడు, మొండిఘటం!

హెడ్‌మిస్ట్రెస్ పిలిపిస్తే ఈ బడికి వచ్చాడు. స్టాఫ్ రూములో ఆయన ఎదురుగా కూర్చున్న కెమిస్ట్రీ టీచరు రెండు చేతులూ ఒళ్ళో బిగించి పెట్టుకుంది. గుమ్మం దగ్గర కానిస్టేబుల్ నిలబడ్డాడు. పొద్దున పదీ ఐదుకి, ఈవిడ ల్యాబ్ క్లాసులోనే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తీయకూడని సీసా తీసింది. యాసిడ్ ఎగిరి కళ్ళలో పడింది. ఇప్పుడు ఆ పిల్ల కళ్ళకి కట్టుతో, మందుల మత్తులో ఆస్పత్రిలో ఉంది. టీచరు ఆన్‌లైన్‌లో ఇచ్చిన ప్రాక్టికల్ కాగితంలో 'రెండో అరలోని సీసా తీసుకోండి' అని ఉంది. రెండో అరలో ఉండేది గాఢమైన యాసిడ్. పిల్లలు ముట్టుకోవలసింది మూడో అర.

నాలుగింటికి ఇన్‌స్పెక్టర్ ఆస్పత్రికి వెళ్ళి పిల్ల వాంగ్మూలం తీసుకుంటాడు. 'మేడమ్ రాసినట్టే చేశాను' అని ఆ పిల్ల ఒక్క ముక్క అన్నదంటే చాలు, ఈవిడ జీపెక్కాల్సిందే. ఉద్యోగం, పరువు, ఇల్లు, అన్నీ ఆ ఒక్క ముక్కతో పోతాయి. ఈవిడని కాపాడినా ఆ పిల్ల మాటే కాపాడాలి.

"మీరు రాసింది ఎన్నో అర?"

"మూడోదండీ. నా పిల్లల మీద ఒట్టు, మూడోదే! ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని రాశాను. వారానికి సరిపడా పాఠాలు, బొమ్మలు, ప్రశ్నలు అన్నీ ఆ రోజే ఆన్‌లైన్ క్లాసులో సర్దేస్తాను."

"ఆదివారం రాసింది ఈ పొద్దున పిల్లలకి ఎలా చేరింది?"

"టైము పెట్టి ఉంచుతామండీ. ఎనిమిదిన్నర అని పెట్టాననుకోండి, ఆ నిమిషానికి దానంతటదే వెళ్ళిపోతుంది. నేను కంప్యూటర్ ముందు ఉండక్కర్లేదు."

గడియారం అరచేతి మీద 8-30 వేసుకున్నాడు. "అందరికీ ఒకటే కాగితమా?"

"కాదండీ, తలా ఒక కాపీ. నిరుడు అందరికీ ఒకటే ఇచ్చి చూశాను. అబ్బబ్బ, ఒకళ్ళు రాసింది ఇంకొకళ్ళు చెరిపెయ్యడం, ఎవరు చేశారంటే ఎవరూ నోరు విప్పకపోవడం! ఎవడో నా ఫొటోకి మీసాలు కూడా గీశాడు." ఆవిడకి నవ్వు రాబోయింది, అది రాకుండానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అప్పట్నించీ ఎవరి కాపీ వాళ్ళదే. ముప్ఫై ఒక్క మంది, ముప్ఫై ఒక్క కాపీలు."

"ఎనిమిదిన్నర తర్వాత మీరు దాన్ని ముట్టుకున్నారా?"

"దేంతో ముట్టుకోనండీ? ఎనిమిదీ ఇరవై అయిదుకే ఫోన్ హెడ్‌మిస్ట్రెస్ గదిలో పెట్టి సంతకం చేశాను. బడి వదిలేదాకా ఎవరి ఫోనూ ఎవరికీ ఇవ్వరు. ఎనిమిదిన్నర నించి తొమ్మిదీ నలభై అయిదు దాకా ఎనిమిదో తరగతిలో ఒక్కొక్కళ్ళని నిలబెట్టి నోటిపరీక్ష పెట్టాను. ఆ గదిలో గోడకుండే కంప్యూటర్ స్క్రీన్ కూడా లేదు. రిపేరుకని మూడు రోజుల కిందట ఊడదీశారు, గోడకి మేకులు మిగిలాయి."

గడియారం లేచాడు. ఈవిడ అబద్ధం ఆడుతోందని ఆయనకి అనిపించలేదు. కానీ ఆయనకి అనిపించడం, అనిపించకపోవడం కోర్టులో ఎవడిక్కావాలి? వెళ్తూ వెళ్తూ హెడ్‌మిస్ట్రెస్‌కి కబురు పెట్టాడు, ఫోన్ల రిజిస్టరు పట్టుకుని ల్యాబ్‌కి రమ్మని.

ల్యాబ్ తలుపుకి పోలీసు సీలు ఉంది. కాపలా కానిస్టేబుల్ ఒక క్షణం తటపటాయించి పక్కకి తప్పుకున్నాడు. వచ్చినవాడు ఇన్‌స్పెక్టరుగారి సొంత మామగారాయె, అడ్డుపడితే ఒక తంటా, వదిలితే ఇంకో తంటా.

లోపల ఎనిమిది బల్లలు. స్టూళ్ళు ఎక్కడివక్కడ బోర్లాపడి ఉన్నాయి. మొదటి బల్ల దగ్గర నేల తెల్లగా పొక్కిపోయింది, పక్కనే ఎవరిదో చిన్న బూటు ఒకటే పడి ఉంది. గడియారం దాన్ని తొక్కకుండా పక్కనించి దాటాడు. ముఖం తిప్పుకుని గోడ అల్మారా వైపు నడిచాడు. వెనకే ల్యాబ్ అటెండరు చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"రెండో అర తాళం ఎవరు తీశారు?"

"నేనే బాబూ. పదకొండింటికి పెద్ద క్లాసు వాళ్ళ ప్రాక్టికల్ ఉంది. రెండు అరలూ ఒకేసారి తీసిపెట్టాను. ఈ చేతులు విరిగిపోనూ!"

"మీ చేతుల్ని తర్వాత తిట్టుకుందురు. సీసాల మీద పేర్లేవి?"

"ఆ యాసిడ్ ఆవిరికి చీటీ అన్నది ఒక్కటీ నిలవదు బాబూ. కొత్తవి అడిగీ అడిగీ నోరు పడిపోయింది. అందుకే మేడమ్ కాగితంలో అర నంబరు రాస్తారు. పిల్లలు నంబరు చూసుకుని తెచ్చుకుంటారు."

"ఈ పిల్లే ముందు ఎందుకు వెళ్ళింది?"

"మొదటి బల్ల, మొదటి సీటు కదండీ. మొదటి బల్ల వాళ్ళు తెచ్చుకున్నాకే రెండో బల్ల వాళ్ళు లేవాలి. ఈ పాప లేచి సీసా తెచ్చింది, మూత తీసింది, అంతే. అందరూ కేకలేసుకుంటూ బయటికి పరుగెత్తారు. ఇంకెవరూ అల్మారా దాకా రానే లేదు."

ఆ ఆఖరి మాట దగ్గర గడియారం చటుక్కున ఆగాడు. ఇంకెవరూ అల్మారా దాకా రాలేదు. అంటే మిగతా ముప్ఫై మంది కాగితాల్లో ఏముందో ఈ క్షణం దాకా ఎవరూ చూడలేదన్నమాట!

బల్లల నిండా ట్యాబ్‌లు వదిలేసినవి వదిలేసినట్టే ఉన్నాయి. మొదటి బల్ల మీద మాత్రం మూడే ఉన్నాయి, నాలుగోది ఇన్‌స్పెక్టర్ పట్టుకుపోయాడు. పక్క సీటు దాని మీద వేలితో తట్టాడు. స్క్రీన్ వెలిగింది. కళ్ళజోడు సవరించుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు.

'మూడో అరలోని సీసా తీసుకోండి.'

రెండోది చూశాడు. మూడో అర. మూడోది చూశాడు. మూడో అర. వెనక బల్లకి వెళ్ళాడు, దాని వెనక బల్లకి వెళ్ళాడు. ముప్ఫైయీ చూశాడు, అన్నిట్లోనూ మూడో అరే. తెలియక జరిగిన తప్పు అయితే అందరికీ జరగాలి కదా. ముప్ఫై ఒక్క మందిలో ఒక్క పిల్లకే రెండో అర చూపించారంటే, ఆ పిల్లనే ఏరుకున్నారు.

"మామయ్యగారూ!"

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. ముఖం కందగడ్డలా చేసుకున్నా, కానిస్టేబుల్ ముందు మర్యాద తప్పకూడదని గొంతు మాత్రం తగ్గించాడు. "సీలేసిన గదిలోకి ఎలా వచ్చారండీ మీరు? మీ అమ్మాయికి చెప్పుకుందామంటే నన్నే తప్పు పడుతుంది. దయచేసి బయటికి రండి."

"వస్తాను అల్లుడుగారూ. ముందు మీ సాక్ష్యం ఏమిటో ఒక్కసారి చెప్పండి, విని తరిస్తాను."

ఇన్‌స్పెక్టర్ ఫైల్లోంచి కాగితం తీసి బల్ల మీద కొట్టాడు. "ఇదిగో. ఆ ప్రాక్టికల్ కాగితంలో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో కంప్యూటర్ దాచుకున్న చరిత్ర. మూడు అన్నది తీసి రెండు అని పెట్టారు. ఎనిమిదీ యాభైకి, కెమిస్ట్రీ టీచరు అకౌంట్‌లోంచి. ఇది చేతి మీద బాల్‌పెన్నుతో రాసుకున్న లెక్క కాదండీ, యంత్రం చెప్పిన మాట. బడిలో కంప్యూటర్ సారే స్వయంగా తీసిచ్చాడు."

"యంత్రం అబద్ధం ఆడిందని నేననలేదు. ఎనిమిదీ యాభైకి మారింది ఏ కాగితం?"

"ఏ కాగితమేమిటి? టీచరు రాసిన అసలు కాగితం."

"పిల్లలకి తలా ఒక కాపీ ఎప్పుడు వెళ్ళింది?"

ఇన్‌స్పెక్టర్ ఫైలు వైపు చూశాడు. అందులో ఆ ముక్క లేదు.

"ఎనిమిదిన్నరకి," అన్నాడు గడియారం. "ఇరవై నిమిషాల ముందే ఎవరి కాపీ వాళ్ళకి చేరిపోయింది. ఆ తర్వాత అసలు కాగితంలో రామాయణం రాసినా పిల్లల కాపీలు మారవు. నమ్మకం లేకపోతే చూసుకోండి. ఇది మూడు, ఇది మూడు, అదిగో ఆ చివరిదీ మూడే. మీ సంచీలో ఉన్నది తియ్యండి ఇప్పుడు."

ఇన్‌స్పెక్టర్ ప్లాస్టిక్ సంచీలోంచే ట్యాబ్ వెలిగించాడు. రెండో అర. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూశాడు, మళ్ళీ చూశాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అల్లుడు పొగరుబోతే గానీ మూర్ఖుడు కాదు.

"ఈ ఒక్క కాపీని విడిగా తెరిచి మార్చారు," అన్నాడు మెల్లగా.

"ముందు అసలుది మార్చారు. మారిస్తే పిల్లలందరిదీ మారిపోతుందనుకున్నారు. మారలేదని చూసుకుని, కావలసిన పిల్లది వెతుక్కుని మార్చారు. టీచరుగారిని పిలిపించండి. పొద్దున్నించీ ఆవిడని కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు మీరు. ముట్టుకోనిస్తే ఈ సంగతి అప్పుడే బయటపడేది."

మూడూ ముప్ఫై ఎనిమిదికి టీచరు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ల్యాప్‌టాప్ ఆవిడ ముందుకి తోశాడు. "మీ అకౌంట్ తెరవండి. ఆ పిల్ల కాపీ చరిత్ర చూపించండి."

ఆవిడ వేళ్ళు తడబడుతూ తెరిచింది. తొమ్మిదీ ఐదుకి మూడు పోయి రెండు వచ్చింది. మార్చినవారి పేరు దగ్గర ఆవిడ పేరే ఉంది.

"మళ్ళీ మీరే!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆవిడ వినడం లేదు. కాగితం పక్కన, విద్యార్థికీ టీచరుకీ మధ్య ఉండే ప్రైవేట్ కామెంట్ల గడిలో ఏదో ఉంది. అది చదివి, "అయ్యో తల్లీ!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఎనిమిదీ ముప్ఫై అయిదుకి ఆ పిల్ల రాసింది: 'మేడమ్, ల్యాబ్ అయ్యాక మీతో ఒంటరిగా మాట్లాడాలి. వచ్చే వారం పరీక్షల పేపర్లన్నీ మా బాబాయి ఫోన్‌లో చూశాను. ఎవరికైనా చెప్తే ఊరుకోనన్నాడు. నాకు భయంగా ఉంది.'

దాని కింద, తొమ్మిదీ పదికి జవాబు ఉంది: 'ల్యాబ్ అయ్యాక చూద్దాం. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు.'

"ఇది నేను రాయలేదు," అంది టీచరు. "నేనసలు చూడనేలేదు. పొద్దున్నించీ నా దగ్గర ఏదీ లేదు కదండీ. చూసి ఉంటే ఆ క్షణమే పరుగెత్తుకు వెళ్ళేదాన్ని."

ఇన్‌స్పెక్టర్ నడుం మీద చేతులు వేసుకున్నాడు. పోయిన ధైర్యం తిరిగొచ్చింది అతనికి. "బాగుంది. కారణం కూడా దొరికింది. పేపర్లు బయటికి పోయాయని పిల్లకి తెలిసింది. టీచరుకి చెప్పుకుంది. ఆ బాబాయి ఎవడో, వాడికి పేపర్లిచ్చింది ఈవిడే. పిల్ల నోరు మూయించింది. ఇంక నాలుగింటిదాకా ఆగక్కర్లేదు. పదండమ్మా, జీపెక్కండి."

"ఒక్క అడుగు వేశారంటే మీ ఉద్యోగానికే ముప్పు అల్లుడుగారూ," అన్నాడు గడియారం. గొంతు పెంచలేదు గానీ, ఆ మాటకి కానిస్టేబుల్ కూడా నిటారుగా నిలబడ్డాడు. "తొమ్మిదీ పదికి ఈవిడ జవాబు దేంతో రాసింది?"

"ఫోన్‌తో."

అప్పుడే హెడ్‌మిస్ట్రెస్ రిజిస్టరుతో లోపలికి వచ్చింది. గడియారం ఆవిడ చేతిలోంచి తీసుకుని పేజీ తెరిచి అల్లుడి ముక్కు కింద పెట్టాడు. "ఎనిమిదీ ఇరవై అయిదుకి ఫోన్ లోపల పెట్టింది. సంతకం చూసుకోండి. తిరిగి తీసుకున్నట్టు లేదు. తొమ్మిదీ నలభై అయిదు దాకా ఇరవై ఎనిమిది మంది పిల్లల ముందు నిలబడి ప్రశ్నలడిగింది. ఆ గదిలో స్క్రీన్ లేదు, గోడకి మేకులున్నాయి. మేకులతో టైపు చేసిందంటారా?"

ఇన్‌స్పెక్టర్ రిజిస్టరు రెండుసార్లు చదివాడు. పంతంగా మూడోసారీ చదివాడు. చివరికి మూసి బల్ల మీద పెట్టాడు.

"అయితే ఈవిడ అకౌంట్‌లోకి ఇంకెవరో దూరారు," అన్నాడు. "పాస్‌వర్డ్ ఎవరికి తెలుసమ్మా?"

టీచరు తల దించుకుంది. "అకౌంట్ తెరిచినప్పుడు ఇచ్చినదే వాడుతున్నానండీ. మార్చుకోమన్నారు. రేపు, ఎల్లుండి అనుకుంటూ మార్చలేదు. స్టాఫ్ రూములో ఎవరూ మార్చలేదు."

"అది తర్వాత. నాకు ఇంకోటి చెప్పండి," అన్నాడు గడియారం. ఆయన ముందుకి వంగాడు. "జవాబు రాసినవాడు ముందు ఆ పిల్ల రాసింది చదవాలి కదా. ఎనిమిదీ ముప్ఫై అయిదుకి రాస్తే, ఎనిమిదీ యాభైకల్లా కాగితం మీద చెయ్యి పడింది. పావుగంట! ఆ పిల్ల మీకు రాసిన సంగతి పావుగంటలో ఎవడికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలియదండీ. ప్రైవేట్ కామెంట్ అంటే నేను, ఆ పిల్ల, అంతే. నాకూ..." ఆవిడ సగంలో ఆగిపోయింది.

"నాకూ?"

"నాకూ, క్లాసు టీచర్ల జాబితాలో ఎవరుంటే వాళ్ళకీ. వాళ్ళందరికీ కనిపిస్తుంది. తెరిచి ఉన్న కంప్యూటర్‌కి కబురు కూడా వెళ్తుంది." ఆవిడ చేతులు కీబోర్డు మీద ఊరికే ఉండిపోయాయి. "పిల్లలకి ఆ సంగతి తెలియదండీ. ప్రైవేట్ అని రాసుంటే టీచరు చెవిలో చెప్పినట్టే అనుకుంటారు."

"జాబితా తెరవండి."

తెరిచింది. అందులో రెండే పేర్లున్నాయి. మొదటిది ఆవిడది. రెండోదాన్ని చూసి ఆవిడ తనలో తను అనుకుంటున్నట్టు అంది, "కంప్యూటర్ సార్. మొదట్లో ఆన్‌లైన్ క్లాసులన్నీ ఆయనే తయారుచేశారు. చేసినవాడి పేరు ఉండిపోతుంది. తీసెయ్యాలని మాకెవరికీ తట్టలేదు."

"పాస్‌వర్డ్‌లు ఇచ్చింది?"

"ఆయనే."

"ఎనిమిదో తరగతిలో స్క్రీన్ ఊడదీసింది?"

"ఆయనే!"

ఇన్‌స్పెక్టర్ తన ఫైల్లోని కాగితం వైపు చూశాడు. పొద్దున దాన్ని తన చేతిలో పెట్టి, 'చూడండి సార్, ఎంత ఘోరమో' అన్నవాడు కూడా ఆయనే. ఎనిమిదీ యాభై దగ్గర గీత గీసి మరీ ఇచ్చాడు. ఇన్‌స్పెక్టర్ ఆ కాగితం మడిచి మామగారి వైపు తిరిగాడు. "మామయ్యగారూ, మరి ఆ పిల్ల రాసిన బాబాయి ఎవరు? అతనికీ ఇతనికీ సంబంధం ఏమిటి?"

దానికి జవాబు హెడ్‌మిస్ట్రెస్ దగ్గర్నించి వచ్చింది. ఆవిడ అప్పటికే గోడకి చేరబడిపోయింది. "వాళ్ళు ఇద్దరు కాదండీ. ఒక్కడే. కంప్యూటర్ సార్ ఆ పిల్లకి సొంత బాబాయి. తండ్రి పోయాక తనే చదివిస్తున్నాడు. బడిలో పిల్లలు వేరుగా చూస్తారని ఎవరికీ చెప్పొద్దని నన్ను అడిగాడు. మంచివాడనుకున్నాను!"

గడియారం చటుక్కున టైము చూసుకున్నాడు. ఇంతసేపూ ఆయన టీచరుని జీపెక్కకుండా ఆపడానికే తంటాలు పడ్డాడు. ఆ పిల్ల చెప్పబోయే మాట కోసం ఈవిడ ఒక్కతే కాదు, ఇంకొకడు కూడా నిమిషాలు లెక్కపెట్టుకుంటున్నాడని ఆయనకి ఇప్పటిదాకా తట్టలేదు.

"వాడెక్కడున్నాడిప్పుడు?"

"ఆస్పత్రిలోనే. పొద్దున అంబులెన్స్‌లో పిల్లతో పాటే ఎక్కాడు. వాళ్ళమ్మ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిందట, కాసేపు పడుకోమని ఆవిడని తనే ఇంటికి పంపించాడట. మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి చెప్పాడు."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే వార్డుకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. అవతల మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. టీచరు కళ్ళు మూసుకుంది. మళ్ళీ కలిపాడు. ఈసారి నర్సు ఎత్తింది.

"పోలీస్ ఇన్‌స్పెక్టర్‌ని. పొద్దున యాసిడ్ పడ్డ అమ్మాయి ఎలా ఉంది? మంచం దగ్గర ఎవరున్నారు?"

"మంచం దగ్గర లేదండీ. మూడున్నరకి వాళ్ళ బాబాయిగారు చక్రాల కుర్చీలో తీసుకెళ్ళారు. కళ్ళ స్కానింగ్‌కని డాక్టరుగారు రాసిచ్చిన కాగితం చూపించారు."

"స్కానింగ్ ఎక్కడ?"

"కిందనే అన్నారండీ." నర్సు వెనక ఎవరినో ఏదో అడిగింది, వాళ్ళేదో అన్నారు. మళ్ళీ ఫోన్‌లోకి వచ్చేసరికి ఆవిడ గొంతు మారిపోయింది. "సార్, డాక్టరుగారు ఏమీ రాయలేదంటున్నారు. మా ఆస్పత్రిలో కళ్ళ స్కానింగే లేదు."

ఇన్‌స్పెక్టర్ గుమ్మం దాటి పరుగెత్తాడు. కానిస్టేబుల్ అతని వెనకే పరుగెత్తాడు. ఫోన్ బల్ల మీదే ఉండిపోయింది. గడియారం దాన్ని అందుకుని అడిగాడు, "అమ్మా, వెళ్ళేటప్పుడు పిల్ల ఏమైనా అన్నదా?"

"రానని ఏడ్చిందండీ," అంది నర్సు. ఆవిడ కూడా ఏడుస్తోంది. "మంచం కడ్డీ పట్టుకుని వదల్లేదు. మేమే వేళ్ళు విడదీసి కుర్చీలో కూర్చోబెట్టాం. నొప్పికి ఏడుస్తోందనుకున్నాం."